దోమ మొదటి వాక్యంలోనే ఉంది

ప్రశ్న: నేను ఫిలడెల్ఫియా శివారులో ఒక ప్రభుత్వ బడిలో ఏడో తరగతి పిల్లలకు ఇంగ్లిషు చెబుతున్నాను. అంతకుముందు విజయవాడలో ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఇక్కడ ఇది రెండో సంవత్సరం. ఈ సెప్టెంబరులో మా తరగతికి లారీ హాల్స్ ఆండర్సన్ రాసిన ‘ఫీవర్ 1793’ నవల పెట్టారు. ఆ ఏడు ఫిలడెల్ఫియాను కుదిపేసిన ఎల్లో ఫీవర్ అనే దోమకాటు జ్వరం కథ. ఆరు వారాల్లో పూర్తి చేయాలి. సెలవుల్లో చదివాను, నచ్చింది. కానీ నాలుగు విషయాలు నన్ను నిద్రపోనివ్వడం లేదు. నా క్లాసులోకి రాబోతున్న ఒక తెలుగు అబ్బాయి తాతగారు 2021 మే నెలలో కోవిడ్‌తో గుంటూరులో పోయారు. వీళ్ళు వెళ్ళలేకపోయారు, దహనం ఫోనులో చూశారు. నవలలో కూడా తాత చనిపోతాడు. రెండోది, నిరుడు ఈ పుస్తకం చెప్పిన తోటి టీచరు అన్నమాట: ‘దోమల వల్ల వస్తుందని కూడా తెలియదా, ఎంత మొద్దులు’ అని పిల్లలు నవ్వి, ఇక పుస్తకాన్ని పట్టించుకోలేదట. మూడోది, ఇందులో నల్లజాతివారి కథ చాలా ఉంది. నా క్లాసులో నల్లజాతి పిల్లలు తొమ్మిది మంది. నిన్నగాక మొన్న ఈ దేశం వచ్చినదాన్ని, వాళ్ళ చరిత్ర వాళ్ళకు నేనేం చెప్పను? నాలుగోది, ‘శవాలు, రక్తం, వాంతులు ఉన్న పుస్తకం మా అమ్మాయికి వద్దు’ అని ఒక తల్లి అప్పుడే మెయిల్ పెట్టింది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
— ఒక టీచరు, పెన్సిల్వేనియా

సమాధానం: నాలుగింటిలో తొందరపడవలసింది ఒక్కదానికే. ఆ అబ్బాయి తల్లికి బడి తెరవకముందే ఫోను చేయండి. మెయిల్ వద్దు. తెలుగులోనే మాట్లాడండి. ఈ కబురు ఇంగ్లిషులో చెబితే ఆఫీసు నుంచి వచ్చిన నోటీసులా ఉంటుంది. ‘మీ అబ్బాయి క్లాసులో ఒక నవల చెప్పబోతున్నాను. అందులో తాతా మనవరాలూ ఉంటారు. సగం దాటాక తాత చనిపోతాడు, పూడ్చిపెట్టే ఘట్టం కూడా ఉంది’ అని ఉన్నదున్నట్టు చెప్పి ఆగండి. ఆవిడ ఏమంటుందో వినండి. ఆ ఇంట్లో పోయిన తాతగారి గురించి రోజూ మాట్లాడుకుంటారో, గోడకు ఫొటో తగిలించి ఆ మాటే ఎత్తరో మీకు ముందు తెలియాలి.

తరువాత అబ్బాయితో విడిగా ఒకసారి మాట్లాడండి. ఏ పేజీల్లో ఏం జరుగుతుందో చెప్పేయండి. ఆ రోజు క్లాసులో కూర్చుంటావా, లైబ్రరీలో చదువుకుంటావా, పొద్దున వచ్చి నాకు చెబితే చాలు అనండి. ముందే చెప్పేస్తే కథలో బిగువు పోతుందని దిగులు వద్దు. చావు ఉన్నట్టుండి మీద పడితే ఎలా ఉంటుందో ఆ పిల్లవాడికి మనం కొత్తగా నేర్పనక్కరలేదు.

అలాగని ఆ ఘట్టాన్ని దాటవేయవద్దు. కథలోని మనవరాలు, పద్నాలుగేళ్ళ మ్యాటీ, తాత శవం పక్కన నిలబడి, ఊరికే గోతిలో పడేయడానికి వీల్లేదు, ప్రార్థన చదవవలసిందే అని పట్టుబడుతుంది. అవతల ఊరంతా చచ్చిపోతోంది, బండివాళ్ళకు తీరిక లేదు. అయినా ఆ పిల్ల వదలదు. పదో రోజూ పన్నెండో రోజూ సరిగ్గా జరపలేకపోయామని మన ఇళ్ళలో ఎంతమంది ఇప్పటికీ కుములుతున్నారో మీకు తెలుసు. ఆ అబ్బాయికి ఈ రెండూ ఒకటేనని తోచవచ్చు, తోచకపోవచ్చు. మీరు మాత్రం ఎత్తి చూపకండి.

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. 2021 శరదృతువులో పిల్లలు మాస్కులతో తిరిగి బడికి వచ్చినప్పుడు ఇదే నవల చెప్పాను. పది అధ్యాయాలయ్యాక, ఎంత గొప్ప ఆలోచన వచ్చిందోనని మురిసిపోతూ బోర్డు మీద రాశాను: ‘మ్యాటీ లాగే మీరూ మీ లాక్‌డౌన్‌లో ఒక రోజు గురించి రాయండి.’ పిల్లలు గబగబా రాస్తున్నారు. రెండో వరుసలో ఒక అమ్మాయి మాత్రం పేరు రాసింది, తేదీ రాసింది, పెన్సిలు కింద పెట్టింది. నేను వెళ్ళి వంగి, ‘ఏదో చిన్న విషయమైనా ఫరవాలేదమ్మా’ అన్నాను. ఆ అమ్మాయి తలెత్తి, ‘దీనికి మార్కులున్నాయా?’ అని అడిగింది. ఉన్నాయి, ఇరవై. కాగితం ఖాళీగా ఇచ్చి సున్నా తీసుకుంది. వాళ్ళ నాన్న పోయాడని నాకు తెలిసింది నవంబరులో, అదీ వేరే టీచరు చెబితే. మార్కుల పుస్తకంలో ఆ సున్నాను తరువాత చెరిపేశాను. అంతకుమించి నేను సరిదిద్దగలిగింది ఏమీ లేకపోయింది.

కాబట్టి కోవిడ్‌తో పోలుస్తూ రాయమనే పని ఏదీ ఇవ్వకండి. రెండు వందల ఏళ్ళకు పైబడిన దూరం ఈ పుస్తకానికి పెద్ద వరం. ఆ దూరం దాటాలనిపించిన పిల్లలు వాళ్ళంతట వాళ్ళే దాటుతారు. ఎవరైనా తమ ఇంటి సంగతి ఎత్తితే వినండి, థాంక్స్ చెప్పండి, ‘ఇంకెవరైనా చెబుతారా?’ అని మాత్రం క్లాసంతా చూపు తిప్పకండి.

ఇక రెండో ప్రశ్న. మీ నాలుగింటిలో నాకు సరదా పుట్టించినది ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

నవల చదవనివారికి రెండు ముక్కలు. 1793లో ఫిలడెల్ఫియా అమెరికా రాజధాని. జనం దాదాపు యాభై వేలు. ఆగస్టులో ఓడరేవు పక్క వీధుల్లో మొదలైన ఎల్లో ఫీవర్ నవంబరు దాకా సాగి, దాదాపు ఐదు వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఇరవై వేల మంది దాకా ఊరు విడిచిపోయారు. ప్రెసిడెంటు వాషింగ్టన్ కూడా సెప్టెంబరు 10న వెళ్ళిపోయాడు. మ్యాటీ కుక్ తల్లి ఆ ఊళ్ళో ఒక కాఫీ హౌసు నడుపుతుంది. తల్లికి జ్వరం వస్తుంది, మ్యాటీని తాతతో పల్లెకు పంపేస్తుంది, దారిలో మరో ఊరివాళ్ళు అడ్డగించి వెనక్కి తరుముతారు. అక్కడి నుంచి ఆ పిల్ల పడిన పాట్లే కథ.

మొదటి వాక్యం మళ్ళీ ఒకసారి చూడండి. మ్యాటీకి మెలకువ వస్తుంటే ఒక చెవిలో దోమ రొద, రెండో చెవిలో తల్లి కేకలు. రచయిత్రి దొంగను మొదటి వాక్యంలోనే గుమ్మంలో నిలబెట్టింది. ఆపైన రెండు వందల పైచిలుకు పేజీల్లో ఆ దొంగను ఎవరూ గుర్తుపట్టరు. కొడతారు, గోక్కుంటారు, తిట్టుకుంటారు, అంతే. దోమ అన్న రహస్యాన్ని పిల్లల దగ్గర దాచకండి. అది ఎలాగూ దాగదు, ఫోనులో ఒక్క క్షణం పని. మొదటి రోజే మీరే చెప్పేయండి. చెప్పి, పెన్సిలు చేతికివ్వండి. దోమ గానీ, పురుగు గానీ, నీళ్ళ పీపా గానీ కనబడిన ప్రతిచోటా పేజీ పక్కన ఒక చుక్క పెట్టమనండి. వారం తిరిగేసరికి చుక్కలు పెరుగుతాయి, నవ్వులు తగ్గుతాయి. ‘చెప్పేయాలనిపిస్తోంది మేడమ్’ అని నా క్లాసులో ఒకడు పుస్తకాన్ని బల్ల మీద మూసి పెట్టేశాడు.

తరువాత వాళ్ళకు ఒక పందెం వేయండి. ఆ ఊళ్ళో పేరున్న వైద్యుడు డాక్టర్ బెంజమిన్ రష్ ఆగస్టు 19న, అంటే నవల మొదలైన మూడు రోజులకు, ఇది ఎల్లో ఫీవరేనని తేల్చాడు. రేవులో ఒక చోట ఓడ నుంచి దించిన కాఫీ గింజలు కుళ్ళి కంపు కొడుతున్నాయి. జబ్బు పడ్డవాళ్ళు చాలామంది ఆ చుట్టుపక్కలవాళ్ళే. కాబట్టి ఆ కుళ్ళు గాలే కారణం అన్నాడు. (కాఫీ హౌసు పిల్ల కథలో కాఫీనే ముద్దాయి కావడం చూశారా!) పందెం ఏమిటంటే, 1793లో ఆ ఊళ్ళో మనిషికి తెలిసిన సంగతులతోనే రష్ తప్పని నిరూపించాలి. ఇప్పటి మాట ఒక్కటి వాడినా ఓడిపోయినట్టే.

పిల్లలు ముందు ఉత్సాహంగా దూకుతారు. పది నిమిషాల్లో తల పట్టుకుంటారు. ఎందుకంటే రష్ చూసిన చోటు సరైనదే. రోగం నిజంగానే ఆ రేవులో దిగింది. కరీబియన్ దీవుల నుంచి వచ్చిన ఓడల్లో రోగులూ వచ్చారు, నీళ్ళ పీపాల్లో దోమలూ వచ్చాయి. ఆయన నేరం జరిగిన ఇంటికే వెళ్ళి పక్కవాణ్ణి పట్టుకున్నాడు. పైగా దోమ మీద అనుమానం రావడానికి దారే లేదు. రోగిని కుట్టిన దోమ వెంటనే ఇంకొకరికి అంటించలేదు. వైరస్ దాని ఒంట్లో పెరిగి నోటి దాకా రావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. ఆ తరువాత కుడితే, ఆ మనిషికి జ్వరం రావడానికి మరో మూడు నుంచి ఆరు రోజులు. ఇవాళ్టి జ్వరానికి రెండు మూడు వారాల కిందటి దోమను ఎవరు తలచుకుంటారు? క్యాలెండరు గీసి ఈ రోజులు లెక్కపెట్టించండి. ఇదొక్కటి చేసినా మీ సైన్సు టీచరు మీకు కాఫీ ఇప్పిస్తుంది.

క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లో దోమ పేరు చెబితే దాదాపు ఇరవై ఏళ్ళు ఎవరూ నమ్మలేదు. 1900లో హవానా దగ్గర అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ బృందం ప్రయోగాలు చేశాకే ఒప్పుకున్నారు. మధ్యలో మనదీ ఒక ముక్క ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాదులోనే. పిల్లలకు చెప్పండి, కానీ కలగాపులగం చేయకండి. అది వేరే జాతి దోమ, వేరే క్రిమి. ఎల్లో ఫీవర్ మోసేది ఏడిస్ దోమ. పగలు కుడుతుంది, నిలవ ఉన్న మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది, మనకు డెంగీ పంచిపెట్టేది కూడా అదే. విజయవాడలో ఎనిమిదేళ్ళు ఉన్నారంటే మీకు పాత పరిచయమే అయి ఉండాలి.

‘మొద్దులు’ అన్న మాటకు ఇంకో మందు ఉంది. ఆ రోజుల్లో ఫిలడెల్ఫియా జనం వినిగర్‌లో ముంచిన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిరిగారు. బూట్లలో వెల్లుల్లి వేసుకున్నారు. గాలి శుభ్రపడుతుందని తుపాకులు పేల్చారు. ఆడవాళ్ళూ చిన్నపిల్లలూ కూడా చుట్టలు కాల్చారు. మెడలో కర్పూరం మూటలు కట్టుకున్నారు. ఈ కర్పూరం దగ్గర మాత్రం నేను నవ్వలేను. కర్పూరం, వాము, లవంగాలు మూట కట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని 2021లో మన ఫోన్లన్నిటా తిరిగింది. మా చెల్లెలు కట్టింది, నేనూ ఇక్కడ కట్టుకున్నాను, ఎమ్మే చదివినదాన్ని. అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్ నాటు మందు కోసం బారులు తీరిన వేల మంది తెలివితక్కువవాళ్ళు కారు. భయపడినవాళ్ళు. ఇది క్లాసులో చెప్పమని కాదు. పిల్లలు నవ్వినప్పుడు మీ ముఖం ఎలా ఉండాలో మీకు తెలుస్తుందని రాశాను. క్లాసులో అయితే ఒక గుడ్డ మీద వినిగర్ పోసి చేతులు మార్పించండి. ఆ వాసన ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒక పేజీ చదవమనండి. చాలు.

రష్‌ను విలన్‌గా చేయాలని పిల్లలు తహతహలాడతారు. మీరు సులువుగా లొంగకండి. పాదరసం మందులిచ్చి విరేచనాలు చేయించాడు, రోగుల ఒంట్లోంచి గిన్నెల కొద్దీ రక్తం తీశాడు, మనిషి ఒంట్లో రక్తం ఎంత ఉంటుందో ఆ లెక్కే తప్పి ఉన్నదానికి దాదాపు రెట్టింపు అనుకున్నాడు. ఆయన వైద్యం జనాన్ని చంపింది కూడా. కానీ ఎందరో వైద్యులు పారిపోయిన ఊళ్ళో ఆయన ఉండిపోయాడు. తనకు జ్వరం వస్తే అదే వైద్యం తానూ చేయించుకున్నాడు. సొంత తోబుట్టువు ఒకావిడ ఆ ఇంట్లోనే పోయింది. ధైర్యవంతుడు, మంచివాడు, పొరబడినవాడు. ఈ మూడూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయన్నది ఒక పీరియడంతా వాదించుకోదగ్గ ప్రశ్న. నా క్లాసులో రెండు పీరియడ్లు పట్టింది. పాఠ ప్రణాళిక చిత్తయింది. నేనేమీ బాధపడలేదు.

బుష్ హిల్ ఆసుపత్రి అధ్యాయాలు ఆ వాదనకు ముందు వచ్చేలా చూసుకోండి. మ్యాటీ అక్కడ కళ్ళు తెరిచి, నరకమని విన్న చోటు ఇంత శుభ్రంగా ఉందేమిటని ఆశ్చర్యపోతుంది. అది కల్పన కాదు. స్టీఫెన్ జిరార్డ్ అనే ఫ్రెంచి వర్తకుడు ముందుకొచ్చి, జనం పేరు చెబితేనే వణికే ఆ ఆసుపత్రిని దారిన పెట్టాడు. వైద్యం చూసినది డాక్టర్ దెవేజ్. ఇప్పుడు హైతీ అంటున్న చోట తిరుగుబాటు మొదలయ్యాక ఓడెక్కి వచ్చిన కాందిశీకుడు. రష్ లాగా గిన్నెల కొద్దీ రక్తం తీయడాన్ని నమ్మలేదు. రోగం తెచ్చినది ఆ కాందిశీకులేనని ఊరు తిట్టింది, ఊరి రోగులకు మంచం పక్కన కూర్చున్నది వాళ్ళలో ఒకడు. వలస వచ్చిన ఇళ్ళ పిల్లలు మీ క్లాసులో ఎలాగూ ఉంటారు. వాళ్ళు ఈ సంగతిని మీరు చెప్పకుండానే పట్టుకుంటారు.

మూడో ప్రశ్న మీకు బరువుగా ఉందని తెలుస్తోంది. నిజానికి దానికి మీ దగ్గర ఉండవలసింది ఒక కాగితమే.

నవలలో ఎలైజా కాఫీ హౌసులో వంట చేస్తుంది, స్వేచ్ఛ పొందిన నల్లజాతి స్త్రీ, ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ తరఫున ఇంటింటికీ తిరిగి రోగులకు సేవ చేస్తుంది. ఆ సొసైటీ నిజమైనదే. 1787లో రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్ స్థాపించారు. ఇద్దరూ బానిసలుగా పుట్టినవారు. నల్లవాళ్ళకు ఈ జ్వరం అంటదని రష్ నమ్మి, సాయం చేయమని వాళ్ళను అడిగాడు. వాళ్ళు వచ్చారు. రోగుల దగ్గర కూర్చున్నారు, శవాలు మోశారు. జ్వరం వాళ్ళకూ అంటింది. తీరా అంతా అయ్యాక మాథ్యూ క్యారీ అనే ప్రచురణకర్త రాసిన పుస్తకం చేతులు మారింది. అందులో అలెన్‌నూ జోన్స్‌నూ మెచ్చుకుంటూనే, నల్ల నర్సుల్లో కొందరు జనాన్ని దోచుకున్నారని, దొంగతనాలు చేశారని ఉంది. ఆ పెద్దమనిషి మాత్రం రోగం ముదిరిన రోజుల్లో చాలావరకు ఊళ్ళోనే లేడు.

అలెన్, జోన్స్ ఊరుకోలేదు. 1794 జనవరిలో ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి జవాబిచ్చారు. అందులో నేను ఎప్పుడూ పిల్లల చేతికిచ్చే భాగం ఆవేశపు మాటలున్నది కాదు, పద్దు ఉన్నది. శవాలు పూడ్చినందుకు, పరుపులు పూడ్చినందుకు చేతికి వచ్చినది 233 పౌండ్ల 10 షిల్లింగుల 4 పెన్నీలు. డబ్బు రాని శవపేటికలకు ఖర్చు 33 పౌండ్లు. ఐదుగురు కూలీలు, ముగ్గురు 70 రోజులు, ఇద్దరు 63 రోజులు, రోజుకు 22 షిల్లింగుల 6 పెన్నీలు. పౌండుకు ఇరవై షిల్లింగులు, షిల్లింగుకు పన్నెండు పెన్నీలు అని బోర్డు మీద రాసి పిల్లల్ని వదిలేయండి. మన పాత రూపాయి అణా పైసల లెక్కలా ఉంటుంది, మొదట విసుక్కుంటారు. ఐదుగురి రోజులు కలిపితే 336. కూలి 7,560 షిల్లింగులు, అంటే 378 పౌండ్లు. శవపేటికలతో కలిపి 411. వచ్చిన దానిలోంచి తీసేస్తే 177 పౌండ్ల 9 షిల్లింగుల 8 పెన్నీలు లోటు. పుస్తకంలో ఉన్న అంకె కూడా పెన్నీ తేడా లేకుండా అదే. నా క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక కుర్రాడు కాగితం మీంచి తల ఎత్తకుండానే, ‘వీళ్ళే ఎదురు డబ్బు పెట్టుకున్నారు’ అన్నాడు. నేను ఏమీ చేర్చలేదు.

అదే పుస్తకంలో ఇంకో లెక్క కూడా ఉంది. 1792లో ఊళ్ళో పూడ్చిన నల్లవాళ్ళు 67 మంది, 1793లో 305 మంది. అంటదన్న మాటకు రెండు అంకెల్లో జవాబు. తీసివేత పిల్లలు చేస్తారు.

మీరు వాళ్ళ తరఫున మాట్లాడనక్కరలేదు. అలెన్, జోన్స్ తమ తరఫున తామే మాట్లాడుకున్నారు, అదీ ఎంతో నిదానంగా, లెక్కతో సహా. మీరు ఆ కాగితం అందరి చేతికీ చేర్చితే చాలు. ఒక్క జాగ్రత్త. ఎలైజా పేరు వచ్చినప్పుడల్లా ఆ తొమ్మిది మంది వైపు చూడకండి. స్టాఫ్ రూములో ఎవరైనా ‘ఇండియా’ అంటే అందరి తలలూ మీ వైపు తిరుగుతాయి కదా, అప్పుడు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా?

నవల మీద నాకున్న ఒక్క ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎలైజా మరీ మంచిది. ఎప్పుడూ మ్యాటీకి అండగా నిలబడుతుంది, తన బాధ మాత్రం పెద్దగా చెప్పుకోదు. కథ మ్యాటీ చెబుతోంది కాబట్టి మ్యాటీకి కనిపించినంతే మనకూ కనిపిస్తుంది. ‘ఎలైజా ఈ కథ చెబితే ఏ రోజుతో మొదలుపెడుతుంది?’ అని అడగండి. రాయించేది ఏమైనా ఉంటే ఇది రాయించండి. పిల్లలు తమ ఇంటి తలుపు తెరవకుండానే రాయగలిగిన ప్రశ్న.

నాలుగోది. ఆ తల్లికి పుస్తకం ఒక ప్రతి ఇంటికి పంపండి, ఏ ఘట్టాలు ఎక్కడున్నాయో చీటీలు పెట్టి మరీ పంపండి. కక్కినది నల్లగా ఉంటుందని ఉంది, రక్తం తీయడం ఉంది, శవాల బండి ఉంది. దాచకండి. చదివాక కూడా వద్దంటే బడి నియమం ప్రకారం వేరే పుస్తకం ఇవ్వండి, మనసులో పెట్టుకోకండి. నా అనుభవంలో ఇలా మెయిల్ పెట్టిన తల్లులు ముగ్గురు. ఇద్దరు పుస్తకం వెనక్కి ఇవ్వలేదు. ‘మేమూ చదువుతున్నాం’ అన్నారు. పన్నెండేళ్ళ పిల్లలకు వాంతులంటే మనకున్నంత వెగటు ఉండదు. పైపెచ్చు ఆ పేజీలే ముందు చదువుతారు.

ఏది నిజం, ఏది కల్పన అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. పుస్తకం చివర రచయిత్రి రాసిన చరిత్ర భాగం ఉంది. దాన్ని ఆఖరు దాకా అట్టిపెట్టకండి, సగంలోనే చదివించండి. ప్రతి అధ్యాయం తలమీద ఆనాటి ఉత్తరాల నుంచీ రాతల నుంచీ తీసిన ముక్కలున్నాయి. చాలామంది పిల్లలు వాటిని దాటేస్తారు, మనమూ దాటేస్తాం. రోజుకొకరి చేత వాటిని పైకి చదివించండి, ఆ కాలపు గొంతు చెవిన పడుతుంది.

మీకు దగ్గరే కాబట్టి, వీలైతే ఒక పూట వాషింగ్టన్ స్క్వేర్‌కు తీసుకెళ్ళండి. చెట్లూ బెంచీలూ ఉన్న మామూలు పార్కు. 1793లో పేదల శ్మశానం, జ్వరంతో పోయినవాళ్ళు ఆ గడ్డి కిందే ఉన్నారు. అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే, సిక్స్త్ స్ట్రీట్ మీద, రిచర్డ్ అలెన్ 1794లో మొదలుపెట్టిన మదర్ బెతెల్ చర్చి ఉంది. చోటు అదే, కట్టడం తరువాతది. ఆ ఊరు ఈ జ్వరం తరువాత మురికి నీళ్ళ భయంతో 1801లో పంపులు పెట్టి నది నీళ్ళు ఊళ్ళోకి తెప్పించుకుంది. కారణం తప్పు, పని మాత్రం మంచిది. బస్సులో వచ్చేటప్పుడు చెప్పడానికి పనికొస్తుంది.

ఆఖరుగా, మీ ఆరు వారాల గురించి. వీలైతే సెప్టెంబరు మధ్యలో మొదలుపెట్టండి. ప్రతి అధ్యాయం మీద తేదీ ఉంది కదా, మొదటి కొన్నిటినీ గబగబా చదివించి, ఆపైన వీలైనంతవరకు ఆ తేదీలకు దగ్గరగా నడపండి. అక్టోబరు చివరికి మీరు కూడా ఆ చలిలోకే వస్తారు. కథలో రోగం తగ్గేది మందుతో కాదు, మంచుతో. నేల తెల్లబడిన రోజున జనం సంతోషంతో బయటికొస్తారు, ఎందుకు తగ్గిందో మాత్రం ఒక్కరికీ తెలియదు. ఆ అధ్యాయాన్ని ముందుగా చదివించకుండా ఆపి ఉంచండి. మీ బడి మైదానంలో గడ్డి మీద మొదటిసారి తెల్లగా మంచు పేరుకున్న ఉదయం, హాజరు తీసుకోకముందే పిల్లల్ని కిటికీల దగ్గరకు పిలవండి. పుస్తకాల్లో చుక్కలు పెట్టినవాళ్ళే కదా, బయట ఏం జరిగిందో వాళ్ళలో ఎవరో ఒకరు చెబుతారు.